చిన్నపిల్లలున్న ఇంట్లో క్రిస్మస్ టెన్షన్ లేకుండా జరుపుకోవాలంటే

మూడేళ్ల కిందట, డిసెంబర్ 24 రాత్రి పదకొండున్నరకి, మా చర్చి వరండాలో చెప్పులు విడిచే చోట మా పాప కూర్చుని ఏడుస్తోంది. అప్పటికి దానికి రెండేళ్లు. ఒంటిమీద కొత్త నెట్టు గౌను, ఆ గౌను మెడ దగ్గర కుట్టు గుచ్చుకుని ఎర్రగా గీత పడింది, కొత్త షూ ఒరుసుకుని మడమ మీద బొబ్బ లేచింది, మధ్యాహ్నం నిద్రపోలేదు, రాత్రి అన్నం తినలేదని ఎనిమిదింటికి నేనే ఒక కేకు ముక్క చేతిలో పెట్టాను. లోపల పాటలు మొదలయ్యాయి. నేను మూడు రోజులుగా పొయ్యి దగ్గరే ఉన్నాను, నడుము పట్టేసింది, బంధువులంతా ముందు వరసలో మాకు చోటు పట్టి ఉంచారు. ఎత్తుకుని ఊరుకోబెడుతుంటే వెక్కిళ్ల మధ్య ఒకటే మాట అంటోంది, "ఇంటికి... ఇంటికి."

ఇప్పుడు దానికి ఐదేళ్లు, దాని తమ్ముడికి రెండేళ్లు. ఆ రాత్రి తర్వాత నేను ఒకే ఒక్కటి మార్చాను. పండగ టైమ్‌టేబుల్‌ని పిల్లల నిద్ర దగ్గర మొదలుపెట్టి రాస్తున్నాను. ముందు వాళ్లు పడుకునే వేళలు కాగితం మీద వేసుకుంటాను, మిగిలిన ఖాళీలో ఏది పడితే అది చేస్తాం, పట్టనిది వదిలేస్తాం. ఇంతే. కానీ దీన్ని నిజంగా పాటించాలంటే నవంబర్ చివరి నుంచే కొన్ని పనులు చూసుకోవాలి, కొందరికి కొన్ని మాటలు చెప్పాలి. అవన్నీ కింద రాస్తున్నాను. ఐదారేళ్ల లోపు పిల్లలున్న వాళ్లకి ఎక్కువగా ఉపయోగపడతాయి.

నిద్ర ముందు, ప్రోగ్రాం తర్వాత

ఏడాది, రెండేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు. డిసెంబర్‌లో మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో చూడండి. సెమీ క్రిస్మస్‌లు, సండే స్కూల్ ప్రోగ్రాం, యూత్ ప్రోగ్రాం, స్త్రీల సమాజం వాళ్లది, ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంట్‌లో ఒకటి, అన్నీ సాయంత్రం ఆరింటికని చెప్పి ఏడున్నరకి మొదలై పదింటికి భోజనాలతో అయిపోతాయి. అలా వరుసగా నాలుగు రాత్రులు గడిచేసరికి పిల్ల మొండికేస్తుంది, మనం "పండగ పూట ఈ ఏడుపేంటి" అని కసురుతాం. అది ఏడుపు కాదు, నాలుగు రోజుల నిద్ర బాకీ.

చాలామంది "తీపి ఎక్కువై అలా గెంతుతున్నారు" అంటారు. పంచదార వల్ల పిల్లలు అల్లరి చేస్తారా అని పరీక్షలు పెట్టి చూసినప్పుడు అలాంటి సంబంధమేమీ కనపడలేదు. పళ్లు పుచ్చిపోతాయి, అన్నం సహించదు, అది నిజమే. గెంతడానికి మాత్రం చాలాసార్లు కారణం నిద్ర చాలకపోవడమే, దానికి తోడు జనం, చప్పుడు, లైట్లు.

కాబట్టి డిసెంబర్ మొదటి వారంలోనే ఆలుమగలిద్దరూ కూర్చుని ఒక క్యాలెండర్ మీద వచ్చిన పిలుపులన్నీ రాయండి. వారానికి రెండు కంటే ఎక్కువ రాత్రులు పిల్లల్ని బయటికి తీసుకెళ్లకూడదని పెట్టుకోండి. మిగిలినవాటికి ఒకరు వెళ్లి రావచ్చు, లేదా ఇద్దరూ మానేయవచ్చు. చెప్పడానికి మొహమాటపడకండి. నేను మా పాస్టరమ్మ గారికి ఫోన్ చేసి, "అమ్మగారూ, బాబు ఎనిమిదింటికల్లా పడుకుంటాడండి, పాప పాట మొదట్లో పెట్టిస్తే చూసుకుని వెళ్లిపోతాం, ఏమనుకోకండి" అని చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు సరికదా, ఆ ఏడాది నుంచి చిన్నక్లాసు పిల్లల పాటలన్నీ ముందే పెట్టిస్తున్నారు. అంతకుముందు ఏడాది వీళ్లు రెక్కలు కట్టుకుని, థర్మకోల్‌కి వెండి కాగితం అంటించిన దేవదూత రెక్కలు, తొమ్మిదిన్నర దాకా స్టేజీ పక్కన బెంచీ మీద ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోయారు. ఫొటోలో ముద్దుగానే ఉంటుంది, లేపి స్టేజీ ఎక్కించినప్పుడు చూడాలి.

ఇక 24 రాత్రి ఆరాధన. కొన్ని సంఘాల్లో అర్ధరాత్రి, కొన్నిచోట్ల 25 తెల్లవారుజామున నాలుగింటికో ఐదింటికో, చాలాచోట్ల పొద్దున ఎనిమిది తొమ్మిదికి మరో ఆరాధన కూడా ఉంటుంది. పిల్లలతో వెళ్లాల్సింది ఆ పొద్దుటి ఆరాధనకే. అర్ధరాత్రి ఆరాధన మీద నాకెంత ఇష్టమో చెప్పలేను, చిన్నప్పట్నుంచీ మానలేదు, అందుకే మేం వంతులేసుకున్నాం. ఒక ఏడు నేను వెళతాను, ఆయన పిల్లల దగ్గర ఉంటారు, మరుసటేడు ఆయన. చేతిలో కొవ్వొత్తి ఒక్కటే పట్టుకుని నిలబడి పాడిన ఆ గంటన్నర నాకు పండగలో సగం. తప్పనిసరిగా రాత్రి పిల్లల్ని తీసుకెళ్లాల్సి వస్తే 24 మధ్యాహ్నం రెండు గంటలు ఖచ్చితంగా పడుకోబెట్టండి, ఆ రెండు గంటలు ఇంట్లో గ్రైండర్ వెయ్యకూడదు, చుట్టాలొస్తే వరండాలో కూర్చోబెట్టి మాట్లాడాలి. చర్చిలో తలుపు పక్క వరసలో కూర్చోండి. ఒక దుప్పటి, ఒక మంచినీళ్ల సీసా, చప్పుడు చెయ్యని బొమ్మ ఒకటి సంచిలో ఉంచండి. ఏడిస్తే ఎత్తుకుని బయటికి నడవండి, ఎవరివైపూ చూడక్కర్లేదు.

పెద్దవాళ్లకి చెప్పడం

గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది, మా ఇంట్లోనే ఐదు తరాలుగా క్రిస్మస్ చేస్తున్నాం, అందువల్ల పండగ ఎలా చెయ్యాలో చెప్పడానికి ప్రతి ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. మా ఇంట్లో మా అత్తయ్య. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం నా ఉద్దేశం కాదు, నాకు పిండివంటలన్నీ నేర్పింది ఆవిడే. అందుకని మార్పులన్నీ ఆవిడతో కలిసి చేశాను. "అత్తయ్యా, ఈ ఏడు అరిసెలు కొనుక్కొద్దాం, మీరు నేను కలిసి పిల్లలతో గవ్వలు చేద్దాం, వాళ్లకి మీరే నేర్పాలి" అన్నాను. నాయనమ్మ దగ్గర నేర్చుకోవడం అనగానే ఆవిడ మొహం విప్పారింది. మానేద్దాం అని చెబితే బాధపడతారు. దాని బదులు ఇంకోటి వాళ్ల చేతికే ఇస్తే సంతోషంగా ఒప్పుకుంటారు, నా అనుభవంలో ప్రతిసారీ.

ఇంకొక ముఖ్యమైన సంగతి, ముద్దులు. చుట్టాలందరూ ఎత్తుకోవాలనుకుంటారు, బుగ్గలు గిల్లుతారు, మీసాలతో ముద్దులు పెడతారు, పిల్ల ఏడిస్తే "ఏంటి, మీ పిల్లకి మేం గుర్తు లేమా" అంటారు. మేం మా పిల్లలకి చేతులు జోడించి "వందనాలు" చెప్పడం నేర్పాం. అది చెబితే చాలు, మర్యాద అయిపోయినట్టే. ఆ తర్వాత ఎత్తుకోవాలా వద్దా అనేది పిల్ల ఇష్టం. ఎవరైనా బలవంతం చేస్తుంటే పక్కనే నిలబడి నవ్వుతూ, "ఇప్పుడే నిద్ర లేచింది పిన్నీ, కాసేపాగితే తనే వస్తుంది" అనండి. నిజంగానే వస్తుంది. వదిలేసిన పది నిమిషాలకి వచ్చి చీర కొంగు పట్టుకుంటుంది.

పిండివంటల్లో పిల్లలు చెయ్యగలిగేవి

అరిసెలు, కజ్జికాయలు, జంతికలు, చెక్కలు, గులాబీ పువ్వులు, సున్నుండలు, పైన కేకు. ఇవన్నీ ఇంట్లోనే చేసి తీరాలని నేనూ అనుకునేదాన్ని. చంటిపిల్లలున్నంత కాలం ఏదో ఒక్కటి ఇంట్లో చెయ్యండి, మిగిలినవి ఆర్డర్ ఇచ్చి చేయించుకోండి. ఇప్పుడు ప్రతి పేటలోనూ పిండివంటలు చేసిచ్చే ఆడవాళ్లున్నారు, డిసెంబర్ 10 లోపు చెబితే తాజాగా చేసిస్తారు, వాళ్లకీ పండగ ఖర్చులకి నాలుగు డబ్బులు. అరిసెలైతే తడిపిండి, పాకం, మరిగే నూనె, ఒత్తడానికి ఇంకో మనిషి, ఒక్క నిమిషం అటు తిరిగితే పాకం ముదురుతుంది. కాళ్ల దగ్గర రెండేళ్ల వాడు తిరుగుతుండగా ఆ పని పెట్టుకోవద్దు.

పిల్లలతో చెయ్యడానికి గవ్వలంత మంచిది ఇంకోటి లేదు. రెండు కప్పుల మైదా, చిటికెడు ఉప్పు, రెండు స్పూన్ల వేడి నెయ్యి పోసి బాగా కలిపి, చపాతీ పిండికంటే కాస్త గట్టిగా తడిపి అరగంట మూత పెట్టండి. గోళీకాయంత ఉండలు మీరు చేసివ్వండి. ఐదేళ్ల పిల్లకి గవ్వల చెక్క ఇచ్చి, ఉండని దాని మీద పెట్టి బొటనవేలితో నొక్కి ముందుకి జరపమనండి. మొదటి పది నలిగిపోతాయి. పదకొండోది చెక్క మీదనుంచి గీతలతో గుండ్రంగా చుట్టుకుని దొర్లిపడుతుంది, అప్పుడు ఆ పిల్ల కళ్లు చూడాలి. మా పాప ఆ మొదటి గవ్వని వేయించనివ్వలేదు, గిన్నెలో విడిగా పెట్టుకుని ఆరిపోయేదాకా దాచుకుంది. చెక్క లేకపోతే కొత్త దువ్వెన కడిగి వాడండి, ఫోర్కు వెనకవైపైనా సరే. రెండేళ్ల వాడికి ఒక ముద్ద విడిగా ఇచ్చేయండి, అది నేల మీద పడ్డా నోట్లోకి పోయినా గొడవ ఉండకుండా చిన్నదే ఇవ్వండి.

వాళ్లు చేయాల్సింది చేసేశాక అక్కడితో వాళ్ల పని ఆఖరు. ఎవరైనా వాళ్లని డాబా మీదకో పార్కుకో తీసుకెళ్లాలి, ఆ తర్వాతే మూకుడు పొయ్యి మీద పెట్టాలి. ఈ ఒక్క విషయంలో నేను అస్సలు రాజీ పడను. వేగిన గవ్వల్ని, కప్పున్నర బెల్లం కరిగించి, నీళ్లలో వేస్తే ఉండ కట్టే పాకం వచ్చాక అందులో వేసి కలిపితే అయిపోతుంది. ఇవి రెండు వారాలు నిలవ ఉంటాయి కనక 15వ తారీఖు ప్రాంతంలోనే చేసేసుకోవచ్చు, 23, 24 తారీఖుల్లో పొయ్యి దగ్గర నిలబడే పని తప్పుతుంది.

తినే విషయంలో ఒక జాగ్రత్త. నాలుగేళ్ల లోపు పిల్లలకి వేరుశనగ గుళ్లు, జీడిపప్పు, బాదం గింజలు అలాగే ఇవ్వకండి, గొంతులోకి పోతే ఊపిరాడదు. కేకులో జీడిపప్పు ఉంటే తీసేసి పెట్టండి. ద్రాక్షపళ్లు నిలువుగా కోసి ఇవ్వండి. ప్లమ్ కేకు బయట కొంటే రమ్ము కలిపారో లేదో అడిగి కొనండి.

నక్షత్రం, చెట్టు, పశువుల పాక

చెట్టు పెడితే కింది రెండు వరసల కొమ్మలకి కాగితం, బట్ట, చెక్క, ఊలు లాంటి వాటితో చేసినవే కట్టండి. గాజు గోళాలు పైకి. లైటింగ్ సెట్ వైరు పిల్లల చేతికి అందకుండా గోడ వెంట టేపుతో అంటించండి, రాత్రి పడుకునే ముందు స్విచ్ ఆపేయండి. ఇంటి ముందు నక్షత్రానికి వాడే వైరు పాతదైతే ఈ ఏడు మార్చేయండి, అతుకులున్న వైరు మంచులో తడిస్తే ప్రమాదం.

అన్నింటికంటే నాకు భయం బటన్ బ్యాటరీలంటే. చిన్న చిన్న లైట్ల దీపాలు, పాట పాడే గ్రీటింగ్ కార్డులు, మెరిసే టోపీలు, చవక బొమ్మలు, అన్నిట్లోనూ రూపాయి బిళ్లలా ఉండే ఈ బ్యాటరీలే ఉంటాయి. పిల్లవాడు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. స్క్రూతో బిగించే మూత లేని వస్తువు ఏదైనా ఇంటికొస్తే పిల్లలు పడుకున్నాక తీసి పైన పెట్టేయండి. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నాలు చెయ్యకుండా, పొద్దున చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లిపోండి, బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి.

యేసు పుట్టిన చోటుని బొమ్మలతో పెట్టే పశువుల పాక మాత్రం పూర్తిగా పిల్లలకి వదిలేయండి. మట్టి బొమ్మలు కాకుండా ప్లాస్టిక్‌వో, పేపర్ గుజ్జువో కొంటే పగిలిపోతాయన్న బెంగ ఉండదు. డిసెంబర్ 12, 13 తారీఖుల్లో ఒక వెడల్పాటి పళ్లెంలో తడి మట్టి పోసి రాగులు చల్లించండి, రోజూ పొద్దున చేత్తో నీళ్లు చిలకరించమనండి. పండగ నాటికి పచ్చగా లేచి పాక ముందు పచ్చిక బయలు తయారవుతుంది, ఆ పది రోజులూ వాళ్లకి పొద్దున లేవగానే ఒక పని ఉంటుంది. మావాడు రోజుకి రెండుసార్లు ఆ గొర్రెల్ని తీసుకెళ్లి ఫ్రిజ్ కింద మేపుతాడు, బాల యేసుని తన దిండు మీద పడుకోబెట్టుకుంటాడు. వెతుక్కుని మళ్లీ పెట్టుకుంటాం.

కథ కూడా అక్కడే కూర్చుని చెప్పండి. లూకా సువార్త రెండో అధ్యాయంలో ఉన్నదంతా పిల్లలకి అర్థమయ్యే సంగతులే. సత్రంలో చోటు దొరకలేదు, పసిబిడ్డని గుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. ఊళ్లో పెరిగిన పిల్లలకి తొట్టి అంటే తెలుసు, అపార్ట్‌మెంట్ పిల్లలకి తెలీదు, వీలైతే ఒకసారి నిజంగా గేదెలున్న కొట్టం చూపించి ఆ గడ్డి వాసన చూడనివ్వండి. బాల యేసుని చూడటానికి వచ్చిన జ్ఞానులు తెచ్చిన సాంబ్రాణి గురించి మా పాప అడిగితే నిప్పుల మీద కాస్త వేసి పొగ చూపించాం. పసిపిల్లకి తలంటి పోసి సాంబ్రాణి పొగ వెయ్యడం మనకి తెలిసిన పనే కదా, "అయితే యేసయ్యకి కూడా తల ఆరబెట్టారా" అని అడిగింది. అంత దగ్గరగా వాళ్లకి కథ తెలియాలి. రోజుకి పది నిమిషాలు చాలు.

క్యారల్స్ రౌండ్

రాత్రి పూట డప్పులు, గిటార్లతో యూత్ ఇంటింటికీ వచ్చి పాడటం మన పండగలో చాలా అందమైన భాగం, దాన్ని పిల్లలకి దూరం చెయ్యకండి. కానీ రాత్రి ఒంటిగంటకి తలుపు దగ్గర డప్పు మోగితే పసివాడు ఉలిక్కిపడి లేస్తాడు, మళ్లీ పడుకోడు. యూత్ లీడర్‌కి ముందే ఫోన్ చేసి "తమ్ముడూ, మా ఇల్లు ఎనిమిది లోపు పెట్టండి, టీ, కేకు రెడీగా ఉంచుతాను" అని చెప్పండి. రూటు మారదంటే గేటు దగ్గర మీరే నిలబడి కానుక కవరు ఇచ్చి, డప్పు లేకుండా ఒక్క పాట నెమ్మదిగా పాడమని అడగండి. నిరుడు వాళ్లు అలాగే పాడారు, ఆ పాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

క్రిస్మస్ తాత మాస్కు చూసి రెండు మూడేళ్ల పిల్లలు జడుసుకుంటారు. కదలని ప్లాస్టిక్ మొహం, దూది గడ్డం, లోపల్నుంచి తెలియని గొంతు, భయపడటం సహజం. తాత ఒళ్లో కూర్చోబెట్టి ఫొటో కోసం బలవంతం చెయ్యొద్దు. మా ఇంట్లో బాబాయి ఆ వేషం వేస్తాడు, పిల్లల ముందే కూర్చుని ప్యాంటు, కోటు, చివరికి మాస్కు పెట్టుకుంటాడు, తీసి మళ్లీ పెట్టుకుంటాడు. లోపలున్నది బాబాయేనని తెలిశాక వాళ్లకి ఇంకా సరదా.

బట్టలు, కానుకలు

దర్జీలకి డిసెంబర్‌లో ఊపిరాడదు, కుట్టించేదేదైనా నవంబర్‌లోనే ఇచ్చేయండి. గౌనుకి లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయించండి, మెడ, చంకల దగ్గర కుట్లు లోపలికి మడిపించండి. ఒకసారి ఉతికి, ఒక సాయంత్రం రెండు గంటలు ఇంట్లో వేసి చూడండి, షూ కూడా సాక్సుతో ఇంట్లో నాలుగు రోజులు నడిపించండి. పండగ రోజు మొదటిసారి వేసుకోవాలన్న సెంటిమెంటు ఉంటే కనీసం ఉతికైనా పెట్టుకోండి. సంచిలో ఒక పాత మెత్తటి జత ఎప్పుడూ ఉండాలి.

కానుకలు ఎక్కువైతే పిల్లలు దేనితోనూ ఆడుకోరు. ఇంటి వాళ్లందరూ కలిసి ఒక్కో పిల్లకి ఒక్కటి కొనమని చెప్పండి, మిగిలినవాళ్లు ఇచ్చినవి అటకెక్కించి నెలకొకటి తియ్యండి. మేం డిసెంబర్‌లో బట్టల కొట్టుకి వెళ్లినప్పుడు పాపతో ఇంకో పాప కోసం కూడా ఒక గౌను ఎంపిక చేయిస్తాం, అది సంఘంలో బట్టలు పంచేటప్పుడు ఇస్తాం. తనకి నచ్చిన రంగే ఆ పాపకీ తీసుకుంది, గులాబీ రంగు.

ప్రయాణాలుంటే

ఊరికి వెళ్లేవాళ్లు రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటాయని గుర్తుంచుకోండి, అంటే డిసెంబర్ 23 ప్రయాణానికి అక్టోబర్ 24న. ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు కానీ బెర్తు కూడా ఇవ్వరు, రాత్రి ప్రయాణమైతే నాలుగేళ్ల వాళ్లకి కూడా టికెట్ తీసి బెర్తు తీసుకోవడమే మేలు. ఊళ్లో వాళ్ల దుప్పటి, దిండు గలీబు ఇంటి నుంచే తీసుకెళ్లండి, తెలిసిన వాసన ఉంటే కొత్త చోట త్వరగా పడుకుంటారు. బరువుని బట్టి డాక్టర్ రాసిచ్చిన జ్వరం మందు, ఓఆర్ఎస్, థర్మామీటర్ ఒక సంచిలో. డిసెంబర్ 25న కొన్ని మందుల షాపులు మూసి ఉండొచ్చు.

మెదక్ చర్చికి పిల్లల్ని తీసుకెళ్లాలనుకునేవాళ్లు 25న మాత్రం వద్దు. ఆ చర్చి 1924లో ఇదే తారీఖున ప్రారంభమైంది, ఏటా ఆ రోజు జనం ఇసకేస్తే రాలనంతగా ఉంటారు, చంటిపిల్లతో లైన్లో నిలబడలేరు. ఒక మామూలు రోజు పొద్దున వెళ్లండి. లోపల యేసు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన రంగుల అద్దాల కిటికీలు మూడున్నాయి, అవి బయట వెలుగుంటేనే వెలుగుతాయి, చీకటి పడితే ఏమీ కనపడదు. ఖాళీగా ఉన్నప్పుడు పిల్లలు మెడ వెనక్కి వాల్చి ఎంతసేపైనా చూస్తారు.

25వ తారీఖు మా ఇంట్లో

ఆరున్నరకి వాళ్లంతట వాళ్లు లేస్తారు. ఇడ్లీ, పాలు. పాక ముందు కూర్చుని బాల యేసు బొమ్మని తొట్టిలో పెట్టి ఒక పాట, చిన్న ప్రార్థన. ఎనిమిదిన్నరకి డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచుకి వీడియో కాల్, అక్కడప్పటికి 24 రాత్రి తొమ్మిది, వాళ్ల పిల్లలు పడుకోబోయే ముందు మావాళ్లు కొత్త బట్టలు చూపిస్తారు. తొమ్మిదిన్నర ఆరాధనకి బట్టలు తొడగడం బయలుదేరే ముందు పది నిమిషాల్లోనే.

పన్నెండింటికి ఇంటికి రాగానే పిల్లలకి ముందు పప్పన్నం, పెరుగన్నం పెట్టేస్తాం, బిర్యానీ వచ్చేదాకా, పెద్దవాళ్లు కూర్చునేదాకా ఆపం. బిర్యానీ నాలుగేళ్లుగా బయట చేయిస్తున్నాం, మా ఆయన, మరిది వడ్డిస్తారు, గిన్నెలు వాళ్లే కడుగుతారు. దీని గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఇంట్లో పండగ పని అంతా ఒక్క మనిషి మీద పడితే ఎన్ని చిట్కాలు చెప్పినా ఆ ఇంట్లో టెన్షన్ పోదు. నవంబర్‌లోనే పని పంచుకుని ఫ్రిజ్ మీద రాసి అంటించండి, మగవాళ్ల పేర్లతో సహా. ఒంటిగంటకి పిల్లలు పడుకుంటారు, వాళ్లతో పాటు నేనూ పడుకుంటాను. చుట్టాలకి అలవాటైపోయింది.

నాలుగున్నరకి పళ్లేలు. గవ్వలు, కొన్న అరిసెలు, కేకు ముక్కలు కవర్లలో కట్టి, గుడ్డు తినని ఇళ్లకి గుడ్డు లేని కేకు విడిగా గుర్తు పెట్టి, పిల్లల చేతికే ఇచ్చి పంపుతాం. వీధిలో పదకొండు ఇళ్లు. పాప ట్రే పట్టుకుంటుంది, తమ్ముడు ఒక్కటే కవరు రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నడుస్తాడు. నిరుడు మూడో ఇంట్లో మామ్మగారు, సంక్రాంతికి మాకు అరిసెలు పంపేది ఆవిడే, కవరు విప్పి ఒక గవ్వ నోట్లో వేసుకుని "ఎవరు చేశారమ్మా" అన్నారు. పాప తలుపు పట్టుకుని నిలబడి, "నేను, నాయనమ్మ" అంది. నాలుగో ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్లింది, వెనకాల తమ్ముడు కవరు వదలకుండా.